పోగు వెంట ఎంత దూరం?

నైలాన్ 6,6ను డ్యూపాంట్ ప్రయోగశాలలో మొదటిసారి తయారుచేసింది 1935 ఫిబ్రవరి 28న. ఆ నైలాన్‌తో అల్లిన మేజోళ్లు అమెరికా అంతటా దుకాణాల్లో అమ్మకానికి వచ్చింది 1940 మే 15న. మధ్యలో అయిదేళ్లు గడిచాయి. డబ్బుకూ మనుషులకూ కొదవలేని కంపెనీకే అంతకాలం పట్టింది. కెవ్లార్‌కు దారితీసిన ద్రావణం 1965లో చేతికి దొరికితే సరుకు బజారుకు వచ్చేసరికి 1971 అయింది. ఇవాళ్టి సాగే బట్టలన్నిటికీ ప్రాణమైన స్పాండెక్స్ వెనక జోసెఫ్ షివర్స్ పడిన శ్రమ దాదాపు పదేళ్లది.

ఈ లెక్కన, ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో ఒక మనిషి చేతిమీదుగా పుట్టి, పెరిగి, బజారెక్కే సరుకులు ఎన్ని? నాలుగు. కలిసొస్తే ఐదు. పాలిమర్ కెమిస్ట్రీలోనో టెక్స్‌టైల్ టెక్నాలజీలోనో పట్టా పుచ్చుకుని ఫైబర్ ప్లాంటులో చేరిన కుర్రవాడికి మూడో ఏడు నిండేసరికి ఈ లెక్క తెలిసివస్తుంది. తోటివాళ్లు రెండు కంపెనీలు మారి జీతాలు పెంచుకుంటే, తానింకా పాలిమర్ చిప్స్‌లో తేమ కొలుస్తూ ఉన్నాడు. ఆగాలా, పోవాలా? ఆగితే మధ్యలోని ఏళ్లన్నీ దేనితో నింపుకోవాలి?

ఈ రంగంలో ఎక్కువకాలం నిలిచినవాళ్లు ఆ ఏళ్లను గడిపిన తీరు చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. తాము తీసిన పోగు గేటు దాటాక ఏమైందో వాళ్లు వెంటపడి కనుక్కున్నారు. ఫైబర్‌ను ఫైబర్‌గా కొనుక్కునేవాడు మిల్లు మేనేజరు. చీరగా కట్టుకునేవాళ్లకు, టైరుగా తిప్పేవాళ్లకు, మాస్కుగా ముక్కుకు తగిలించుకునేవాళ్లకు డెనియర్ అంటే ఏమిటో తెలియదు, తెలియనక్కర్లేదు. ఆ చివరి మనిషి ఫిర్యాదును వెనక్కి తిప్పి పాలిమర్ భాషలోకి మార్చడమే ఈ ఉద్యోగం. కాలేజీలో దీన్నెవరూ నేర్పరు.

మొదటి అయిదేళ్లు: యంత్రం పక్కన

పాలియెస్టర్ చిప్స్‌ను గాలిలో వదిలేస్తే కిలోకు మూడు నాలుగు గ్రాముల దాకా నీటిని పీల్చుకుంటాయి. కరిగించి పోగు తీయాలంటే అది కిలోకు 50 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే 285 డిగ్రీల వేడిలో ఆ నీరే కత్తెరై పాలిమర్ గొలుసులను ముక్కలు చేస్తుంది. చిక్కదనం పడిపోతుంది, సన్నటి రంధ్రాలున్న పళ్లెం, అంటే స్పిన్నరెట్, కింద పోగులు తెగుతాయి, వైండర్ దగ్గర ఆపరేటర్ తిట్టుకుంటాడు. కొత్తగా చేరిన ఇంజనీరు చేసే మొదటి పొరపాటు ఇక్కడే. పోగులు తెగడం చూడగానే పాలిమర్ బాగాలేదని రిపోర్టు రాసేస్తాడు. రాత్రి రెండు గంటలకు డ్రయ్యర్‌లోకి వచ్చే గాలి ఎంత పొడిగా ఉందో చూసిన పాపాన పోడు.

రాత్రి షిఫ్టు శిక్షని చాలామంది అనుకుంటారు. నిజానికి యంత్రం తన అసలు గుణం చూపించేది అప్పుడే. పెద్దవాళ్లుండరు, ఫోన్లుండవు, ఆపరేటర్‌కు మాట్లాడే తీరిక ఉంటుంది. ఈ అయిదేళ్లలో సంపాదించుకోవలసినవి ఇవి:

1. ఫిల్టరూ స్పిన్నరెట్టూ ఉండే ప్యాక్‌ను మార్చే ప్రతిసారీ పక్కన నిలబడాలి. పాత ఫిల్టర్‌లో ఏం చిక్కుకుందో, స్పిన్నరెట్ ముఖం మీద ఏ రంగు మచ్చ కట్టిందో కళ్లతో చూడాలి. కంప్యూటర్ తెర మీద పీడనం పెరిగిన గీత కనిపిస్తుంది. పెంచిందేమిటో తెర చెప్పదు.

2. ఆపరేటర్‌ను ‘ఏమైంది?’ అని అడిగితే ‘ఏం కాలేదు సార్’ అనే జవాబే వస్తుంది. ‘నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటన్నా?’ అని అడిగితే కథంతా బయటికొస్తుంది.

3. సంఖ్యలను చేతులతో తెలుసుకోవాలి. 75 డెనియర్ నూలు అంటే తొమ్మిది కిలోమీటర్లు తూచినా 75 గ్రాములే. ఒకసారి నిజంగానే తూచి చూసినవాడు ఆ సన్నదనాన్ని మరిచిపోడు.

పుస్తకంలో ఏం రాయాలి?

స్టెఫనీ క్వోలెక్ 1946లో డ్యూపాంట్‌లో చేరింది. వైద్యవిద్యకు డబ్బు కూడబెట్టుకునేదాకా తాత్కాలికంగా పనిచేద్దామన్నది ఆమె ఆలోచన. ఆ తాత్కాలికం 1986 దాకా, నలభై ఏళ్లు సాగింది. టైర్లలో ఉక్కు తీగకు బదులుగా తేలికైన, గట్టి పోగు కావాలని వెతుకుతున్న రోజుల్లో, 1965లో, ఆమె చేతిలో ఒక ద్రావణం తయారైంది. అలాంటి పాలిమర్ ద్రావణాలు మామూలుగా తేటగా, తేనెలా చిక్కగా ఉంటాయి. ఇది నీళ్లలా పల్చగా, మజ్జిగ తేటలా మసకగా ఉంది. పారబోయడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. స్పిన్నింగ్ యంత్రం చూసే సహోద్యోగి కూడా, మసకకు కారణం కరగని నలుసులై ఉంటాయనీ స్పిన్నరెట్ రంధ్రాలు పూడుకుపోతాయనీ మొదట ఒప్పుకోలేదు.

ఆమె ఏం చేసింది? ముందు ద్రావణాన్ని వడగట్టి చూసింది. మసక పోలేదు. అంటే కారణం నలుసులు కావు. ఆ తరవాతే యంత్రం మనిషిని మళ్లీ అడిగింది, ఒప్పించింది. పోగు తెగకుండా వచ్చింది. దాని బిగువు కొలిచిన సంఖ్యలు చూసి గెంతులు వేయలేదు. ఎక్కడో తప్పు జరిగి ఉంటుందని మళ్లీ మళ్లీ పరీక్షకు పంపింది. అన్నిసార్లూ అవే సంఖ్యలు వచ్చాకే పైవాళ్లకు చెప్పింది. ఈ కథను అదృష్టం పేరుతో చెప్పేవాళ్లు వడగట్టిన ఘట్టాన్ని వదిలేస్తారు. అసలు పాఠం ఉన్నది అక్కడే. టైరు కోసం వెతికిన ఆ పోగు, కెవ్లార్, ఆఖరికి పేరు తెచ్చుకున్నది తూటాలను ఆపే చొక్కాలతో. సరుకు తన వాడుకను తానే వెతుక్కోవడం ఈ రంగంలో మామూలే.

1969లో బాబ్ గోర్ అనుభవం దీనికి అటు కొస. టెఫ్లాన్ రకం కడ్డీలను వేడిచేసి నెమ్మదిగా సాగదీస్తుంటే అన్నీ తెగిపోతున్నాయి. విసిగిపోయి ఒక కడ్డీని ఒక్క ఉదుటున లాగాడు. అది తెగలేదు సరికదా, బారెడు పొడుగున సాగింది. వాన నీటిని ఆపి చెమట ఆవిరిని వదిలే గోర్-టెక్స్ బట్టకు మూలం ఆ లాగుడే.

మరి, రోజూ ప్లాంటులో కనిపించే వందల వింతల్లో ఏది క్వోలెక్ ద్రావణం, ఏది ఉత్త చెత్త? ముందుగా తెలిసే మార్గం లేదు. అందుకే అన్నీ నోటుపుస్తకంలో రాసిపెట్టుకోవాలి. రాయడంలోనూ పద్ధతి ఉంది.

1. జరిగింది ఎడమవైపు పేజీలో, అనుకున్నది కుడివైపు పేజీలో. ‘తేమ వల్ల తెగింది’ అని రాయకూడదు. ‘3.20కి ఆరో పొజిషన్ తెగింది’ ఒకవైపు, ‘తేమేమో?’ రెండోవైపు. పదేళ్ల తరవాత పుస్తకం తెరిస్తే ఎడమవైపు పేజీలే పనికొస్తాయి.

2. లాట్ నంబరు, చిప్స్ ఏ మూట నుంచి వచ్చాయో, స్పిన్ ఫినిష్ నూనె ఏ రోజు కలిపారో తప్పనిసరి.

3. కారణం అంతుబట్టకపోతే ‘ఎందుకో తెలియలేదు’ అని రాసేయాలి. ఈ రెండు మాటలూ రాయడానికి సిగ్గుపడి ఏదో ఒక కారణం అంటించేవాళ్లే ఎక్కువ. అంటించిన కారణం తరవాత వచ్చేవాడి కళ్లు కప్పేస్తుంది.

4. వదిలేసిన ప్రయోగానికి ఎందుకు వదిలేశారో కచ్చితంగా రాయాలి.

నాలుగో సూత్రానికి పెద్ద ఉదాహరణ పాలియెస్టరే. 1930లో డ్యూపాంట్‌లోనే జూలియన్ హిల్ కరిగిన పాలియెస్టర్ ముద్దలోంచి పోగు లాగి, చల్లారాక దాన్ని సాగదీస్తే బలపడుతుందని కనిపెట్టాడు. కానీ ఆ పాలియెస్టర్లు తక్కువ వేడికే కరిగేవి, వేడినీళ్లకు ఆగేవి కావు. హిల్ పనిచేసిన బృందానికి నాయకుడు కారొథర్స్. ఆ బృందం వాటిని పక్కనపెట్టి పాలిఅమైడ్ల వైపు వెళ్లింది. నైలాన్ వచ్చింది. కారొథర్స్ మాత్రం ఆ మేజోళ్లను చూడలేదు. 1937లోనే పోయాడు. 1941లో ఇంగ్లండులో, బట్టల మీద అచ్చులు వేసే పరిశ్రమకు చెందిన ప్రయోగశాలలో, విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు అదే దారిని మళ్లీ తవ్వారు. మునుపటివాళ్లు వాడిన ఆమ్లాలకు బదులు బెంజీన్ వలయం ఉన్న టెరెఫ్తాలిక్ ఆమ్లం తీసుకున్నారు. కరిగే వేడి 260 డిగ్రీల దగ్గరికి ఎగబాకింది. ఒకప్పుడు పెళ్లిళ్లలో దర్జాకు గుర్తుగా వెలిగిన టెరిలీన్ చొక్కా ఆ వలయం చలవే. ‘పాలియెస్టర్ పనికిరాదు’ అనడానికీ ‘ఈ ఆమ్లాలతో చేసిన పాలియెస్టర్ పనికిరాదు’ అనడానికీ మధ్య తేడా ఒక మహా పరిశ్రమంత.

గేటు దాటి: సాంచా దగ్గర

ఇలాంటి సన్నివేశం ఒకటి ఊహించుకోవచ్చు. మే నెల. సిరిసిల్లలో మరమగ్గాల (అక్కడి మాటలో సాంచాల) షెడ్డు. కొత్త పాలియెస్టర్ నూలు తయారుచేసిన యువ ఇంజనీరు చేతిలో పరీక్షల కాగితాలతో నిలబడ్డాడు. బలం, సాగుడు, ముడుచుకునే గుణం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎదురుగా నలభై ఏళ్లుగా సాంచాలు నడిపిన మనిషి.

‘రాత్రి మంచిగనే నడుస్తది సార్. పొద్దెక్కినంక పోగులు ఉబ్బుతయ్, తెగుతయ్. కింద నీళ్లు సల్లితే జరసేపు ఊకుంటయ్.’

ఈ మూడు ముక్కల్లో మొత్తం రోగనిర్ధారణ ఉంది. రాత్రి బాగుండి పగలు చెడుతోందంటే నూలు మారలేదు, గాలి మారింది. నీళ్లు చల్లితే తగ్గుతోందంటే కావలసింది తేమ. ప్రామాణిక వాతావరణంలో పత్తి తన బరువులో 8.5 శాతం తేమ పట్టుకుంటుంది, పాలియెస్టర్ 0.4 శాతమే. రాపిడికి పుట్టిన విద్యుత్తు పత్తిలో ఆ తేమ దారిన జారిపోతుంది. పాలియెస్టర్‌లో పోయే దారిలేక పోగు మీదే కూర్చుంటుంది. ఒకే రకం ఆవేశం ఉన్న పోగులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆయన ‘ఉబ్బుతయ్’ అన్నది దాన్నే. ఉబ్బిన పోగు మగ్గంలో దువ్వెనలా ఉండే రీడులో రాసుకుని చిట్లుతుంది.

దీన్ని ఆపడానికే పోగు మీద స్పిన్ ఫినిష్ పూస్తారు. అందులోని మందు గాలిలో తేమను పీల్చి పోగు మీద సన్నటి పొరగా నిలుపుతుంది. అయితే ఆ గాలిలో తేమంటూ ఉండాలి కదా? లాబ్‌లో పరీక్షలు జరిగింది 65 శాతం తేమలో, చల్లటి గదిలో. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నానికీ ఆ గదికీ పొంతన ఎక్కడ? కాగితాల మీద సంఖ్యలు అబద్ధమాడలేదు. అవి వేరే ఊరి నిజం చెప్పాయి.

ఈ స్థితిలో పదిమందిలో తొమ్మిదిమంది చేసే పని, ‘మీ షెడ్డులో తేమ పెట్టుకోండి’ అని సలహా చెప్పి బస్సెక్కడం. సలహా శాస్త్రప్రకారం సరైనదే. నాలుగు సాంచాల మీద కుటుంబాన్ని నడుపుకునే మనిషికి తేమ యంత్రం ఎక్కడినుంచి వస్తుంది? పదో మనిషి రెండు బాబిన్లు, ఒక చిన్న తేమ మీటరు రీడింగుల కాగితం పట్టుకుని ప్లాంటుకు తిరిగి వెళ్తాడు. పొడి గాలిలోనూ పనిచేసే ఫినిష్ కోసం నూనె సరఫరాదారుతో కూర్చుంటాడు. పోగుల్ని గాలితో అక్కడక్కడా ముడివేసే ఇంటర్‌లేసింగ్ పెంచి చూస్తాడు. ఆ పదో మనిషి పేరు మగ్గాల వాడలో మూడేళ్లలో అందరికీ తెలుస్తుంది. తరవాతి సరుకు ఆలోచన తరచుగా అక్కడినుంచే వస్తుంది.

కొనుగోలుదారు దగ్గరికి వెళ్లేటప్పుడు గుర్తుంచుకోవలసినవి కొన్ని:

1. మొదటి గంట మాట్లాడకూడదు. యంత్రం చుట్టూ తిరిగి చూడాలి, వినాలి.

2. ఫిర్యాదును ఫిర్యాదు చేసినవాడి మాటల్లోనే రాసుకోవాలి. ‘ఉబ్బుతయ్’ అన్నదాన్ని అక్కడికక్కడే ‘తక్కువ నాణ్యత’గా మార్చి రాస్తే రోగలక్షణం పోయి తిట్టు మిగులుతుంది.

3. చెడిన నమూనాతోపాటు బాగున్న నమూనా కూడా అడిగి తెచ్చుకోవాలి. తేడా దేంతో పోల్చి చెప్పాలి మరి?

4. ఆ ఒక్కడి దగ్గర ఆగకుండా అద్దకం దాకా వెళ్లాలి. సాగదీసే హీటర్ వేడిని రెండు మూడు డిగ్రీలు మారిస్తే నూలు బలం పరీక్షలో ఏ తేడా కనిపించకపోవచ్చు. కానీ రంగు పీల్చుకునే తీరు మారుతుంది. పాత లాటూ కొత్త లాటూ ఒకే బట్టలో కలిస్తే అద్దకం తొట్టిలోంచి చారలు తేలుతాయి. అప్పటికి మూడు నెలలు గడిచి ఉంటాయి. హీటర్ మార్చిన సంగతి పుస్తకంలో లేకపోతే ఆ చారల పుట్టుక ఎవరికీ దొరకదు.

చచ్చిపోయే సరుకులు

పెంచిన బిడ్డలాంటి సరుకు బజారులో చచ్చిపోవడం ప్రతి పొడుగాటి ఉద్యోగంలోనూ ఒక్కసారైనా జరుగుతుంది. డ్యూపాంట్ 1964లో బూట్ల కోసం కార్ఫామ్ అనే కృత్రిమ తోలును బజారులోకి తెచ్చింది. గాలి ఆడుతుంది, నీళ్లకు చెడదు, మెరుపు తగ్గదు. పరీక్షలన్నీ నెగ్గింది. 1971కల్లా సుమారు పది కోట్ల డాలర్ల నష్టంతో దుకాణం కట్టేసింది. ఎందుకు? తోలు చెప్పు తొడిగినకొద్దీ పాదానికి లొంగుతుంది. కార్ఫామ్ రాత్రంతా విశ్రాంతి తీసుకుని పొద్దున్నే మళ్లీ తన పాత ఆకారానికి వచ్చేది. వేసుకున్నవాడికి రోజూ కొత్త చెప్పు కరిచే బాధే. ధరేమో తోలుకు దీటుగా ఉండేది. దాన్ని తయారుచేసినవాళ్లు మడిచి విప్పే పరీక్ష లక్షలసార్లు చేసి ఉండవచ్చు. ‘నెలరోజులు తొడిగాక వదులవుతుందా?’ అన్న ప్రశ్న మాత్రం మార్కులు వేసే పట్టికలో పైవరసలో ఉన్నట్టు లేదు.

ఓడిన సరుకు నుంచి మనిషి బయటపడే తీరులో రెండు తప్పులు కనిపిస్తాయి. ఒకటి, మార్కెటింగ్‌వాళ్లకు అమ్మడం చేతకాలేదని పదేళ్లపాటు చెప్పుకుంటూ తిరగడం. రెండోది, ఆ పనిలో నేర్చుకున్నదంతా మూటగట్టి అటకెక్కించడం. సరుకు పోయినా పద్ధతి పోదు. పూత వేయడం, సూక్ష్మరంధ్రాలు తేవడం, అతికించడం, ఇవన్నీ వేరే చోట జీతం తెచ్చిపెట్టే విద్యలు.

సరుకే కాదు, ఫ్యాక్టరీ కూడా పోవచ్చు. కాగజ్‌నగర్‌లో కృత్రిమ పట్టు తీసిన సిర్‌సిల్క్ 1980లలో మూతబడింది. ములుగు అడవుల అంచున రేయాన్ గుజ్జు తయారుచేసిన కమలాపురం మిల్లులో 2014లో ఉత్పత్తి ఆగింది. ఒకే పోగు, ఒకే యంత్రం తెలిసినవాడికి ఇది పిడుగుపాటే. అందుకే పదో ఏడు దాటినప్పటినుంచి ప్రతి నాలుగైదేళ్లకు ఒకసారి పక్కింటి విద్య ఒకటి నేర్చుకోవాలి. పూర్తిగా కొత్త రంగమైతే మొదటినుంచి మొదలుపెట్టాలి. పక్కింటి విద్యకు పాతదాంట్లో సగం పనికొస్తుంది. కరిగించి నూలు తీసేవాడికి పక్కిల్లు నాన్‌వోవెన్, అంటే నేయకుండానే చేసే బట్ట. అక్కడా పాలిమర్‌ను కరిగించడమే, స్పిన్నరెట్‌లాంటి డై గుండా తోయడమే. కానీ మెల్ట్‌బ్లోన్ పద్ధతిలో నూలుకు వాడే పాలీప్రొపిలీన్ పనికిరాదు. కరిగితే దాదాపు నీళ్లలా పారే రకం కావాలి. వేడిగాలి దాన్ని చీల్చి మైక్రాన్ల మందాన పోగులుగా తెర మీద పరుస్తుంది. 2020లో మాస్కులకు కరువొచ్చినప్పుడు ఆ రెండు రకాల తేడా తెలిసినవాళ్ల కోసం కంపెనీలు వెతుక్కున్నాయి.

చివరి పదేళ్లు

ఆ మాస్కుల్లోనే ఒక పెద్దమనిషి కథ ఉంది. తైవాన్‌లో పుట్టిన పీటర్ సాయ్ అమెరికాలోని టెనెసీ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి మెల్ట్‌బ్లోన్ బట్ట మీద పనిచేశాడు. ఆ బట్టకు విద్యుదావేశం ఎక్కించి నిలిపే పద్ధతికి 1995లో పేటెంట్ వచ్చింది. ఆవేశం ఉన్న పోగు, రంధ్రంలో దూరిపోగల సన్నటి కణాన్ని కూడా తనవైపు లాక్కుని పట్టేస్తుంది. గాలి మాత్రం సులువుగా వెళ్తుంది. ఎన్95 మాస్కులు వాడే కిటుకు ఇదే. 2020లో ఆయన రిటైరై ఇంట్లో ఉన్నాడు. వాడిన మాస్కును ఆవేశం పోకుండా ఎలా శుద్ధి చేయాలని నలుదిక్కులనుంచీ ప్రశ్నలు వచ్చిపడితే మళ్లీ పనిలోకి దిగాడు. ఆల్కహాల్‌తో తుడిస్తే ఆవేశం పోతుంది, పొడి వేడి అయితే నిలుస్తుంది. ఇలాంటి జవాబులు ఆయన దగ్గర ఉన్నాయి.

సిరిసిల్ల షెడ్డులో పోగుల్ని తెంపిన విద్యుత్తూ, మాస్కులో వైరస్ తుంపరను పట్టిన విద్యుత్తూ ఒకటే. మగ్గం మీద దాన్ని వదిలించుకోవడానికి నూనె పూయాలి. మాస్కులో నూనె తగిలితే సరుకు చెడుతుంది. రెండు చోట్లా నిలబడి చూసినవాడికి ఇది చెప్పనక్కర్లేదు.

ఉద్యోగం చివరి దశలో మేనేజరు కుర్చీయా, లాబ్ బల్లా అన్న ఎంపిక ఎదురవుతుంది. క్వోలెక్ లాబ్‌లోనే ఉండిపోయింది. అందరికీ అది కుదరదు, జీతం తేడా చిన్నది కాదు. కుర్చీ ఎంచుకున్నవాడు కనీసం నెలకు ఒక రోజు ప్లాంటులో, మూడు నెలలకు ఒక రోజు కొనుగోలుదారు షెడ్డులో గడిపితే చేతి విద్య తుప్పు పట్టదు. లాబ్ ఎంచుకున్నవాడు ఏడాదికి ఒక్కసారైనా తన పనికి ఎంత ఖర్చయింది, ఎంత తిరిగొచ్చింది అనే లెక్క తానే వేసుకోవాలి. లేకపోతే ఆ లెక్క ఇంకెవరో వేస్తారు.

మిగిలింది అప్పగింత. రిటైరయ్యే నెలలో పెట్టుకుంటే అది పూలదండల మధ్య కొట్టుకుపోతుంది. రెండేళ్ల ముందే మొదలుపెట్టాలి. పుస్తకాలన్నిటికీ సంవత్సరం, పాలిమర్, యంత్రం వారీగా ఒక సూచిక రాయాలి. గెలిచిన సరుకుల ఫైళ్లు కంపెనీ ఎలాగూ భద్రంగా దాస్తుంది, ఓడినవాటివి దాయదు. కాబట్టి సూచికలో ముందు వాటికి చోటివ్వాలి. బయటి కొనుగోలుదారుల రహస్యాలు ఉన్న పేజీలు కంపెనీకే వదలాలి, ఇంటికి తీసుకుపోకూడదు. పుస్తకాలు అందుకున్న కొత్త ఇంజనీరు వాటిని మొదటినుంచి చదవనక్కర్లేదు. ‘ఎందుకో తెలియలేదు’ అని ఉన్న చోట్లన్నీ వెతికి ఒక కాగితం మీద వరసగా రాసుకుని, ఆ జాబితాతో ప్లాంటులోకి వెళ్తే చాలు.